వెయ్యి రూపాయల చలువ కళ్లద్దాలు, పన్నెండు వేల బ్రాండ్: ఎండలో తిరిగేవాళ్లకు నిజంగా తేడా ఉందా?

గండిపేట_గాలి
ఆదివారాలు సైకిలు మీద గండిపేట వైపు వెళ్లడం అలవాటు. వెళ్లేటప్పుడు చల్లగానే ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎండ సూటిగా ముఖాన కొడుతుంది. ఉన్న చలువ కళ్లద్దాలు గీతలు పడి పనికిరాకుండా పోయాయి. కొత్తవి కొందామని మాల్‌లో ఒక దుకాణానికి వెళ్తే పన్నెండు వేల జత చేతిలో పెట్టి, "ఐదు వేల లోపు ఏది కొన్నా కళ్లు పాడవుతాయి" అన్నాడు అమ్మే అబ్బాయి. పై అంతస్తులో ఆటసామగ్రి దుకాణంలో వెయ్యి రూపాయల జత మీద కూడా యూవీ 400, అంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది అనే రాసి ఉంది. మరి మిగతా పదకొండు వేలు దేనికి? నా కళ్లకా, కాడ మీద పేరుకా? సైక్లింగ్, ట్రెక్కింగ్, చేపల వేట, క్రికెట్, ఏదైనా సరే, ఎండలో గంటల తరబడి ఉండేవాళ్లు చెప్పండి. డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండకు ట్రెక్కింగ్ వెళ్లాలని కూడా ఉంది, ఆ మంచుకూ ఇవే సరిపోతాయా?

నిర్ణయం_నాదే
పేరుకే. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు.

పాత_ఏవియేటర్
అంత తేలిగ్గా తీసిపారేయకండి. మా నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న రేబాన్ ఏవియేటర్ ఇప్పుడు నేను వాడుతున్నాను. గాజు లెన్సు. కీలు వదులు కాలేదు, అద్దం మీద చెప్పుకోదగ్గ గీత లేదు. 1937లో ఈ బ్రాండ్ మొదలైందే విమానం నడిపేవాళ్ల కళ్ల కోసం. వెయ్యి రూపాయల జత రెండు వేసవులు దాటడం ఎవరైనా చూశారా?

నిర్ణయం_నాదే
మీ నాన్నగారి కాలంలో దాన్ని చేసిన కంపెనీ వేరు, ఇప్పుడు చేస్తున్న కంపెనీ వేరు. బాష్ అండ్ లాంబ్ 1999లో రేబాన్‌ను ఇటలీకి చెందిన లక్సోటికాకు అమ్మేసింది. ఓక్లీని కూడా 2007లో వాళ్లే కొన్నారు. పెర్సోల్ అనే కళ్లద్దాల బ్రాండూ వాళ్లదే. ప్రాడా, వెర్సాచే లాంటి ఫ్యాషన్ పేర్లతో వచ్చే కళ్లద్దాలు లైసెన్సు మీద చేసేదీ వాళ్లే. 2018లో ఫ్రాన్స్ లెన్సుల కంపెనీ ఎసిలోర్‌తో కలిసిపోయారు. అంటే లెన్సు, ఫ్రేము, అమ్మే దుకాణం కూడా చాలాచోట్ల ఒకే గూటివి. ఆ దుకాణంలో గోడ నిండా పది పేర్లు చూసి వాటిలో అవి పోటీ పడుతున్నాయని అనుకుంటాం. అలాంటప్పుడు ధర ఎవరు తగ్గిస్తారు?

పాత_ఏవియేటర్
యజమాని మారితే వస్తువు చెడిపోవాలని ఏముంది? మా అబ్బాయికి మొన్ననే కొన్నాను, బాగానే ఉంది.

కంటిలెక్క
నేను ఆప్టోమెట్రిస్టును, అంటే చూపు పరీక్షించి కళ్లద్దాలు రాసేదాన్ని నా పని. ఆ అమ్మే అబ్బాయి చెప్పింది తప్పు. జనాన్ని భయపెట్టి అమ్మే ఈ పద్ధతి చూస్తే నాకు కోపం వస్తుంది.

అద్దం ఎంత నల్లగా ఉందన్నది ఒక సంగతి. అతినీలలోహిత కిరణాలను ఆపుతుందా లేదా అన్నది వేరే సంగతి. ఏ రంగూ లేని మామూలు పాలీకార్బొనేట్ లెన్సు కూడా ఆ కిరణాల్లో చాలా భాగాన్ని ఆపేస్తుంది. అది ఆ ప్లాస్టిక్ గుణం. యూవీ 400 అంటే తరంగదైర్ఘ్యం 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతుందని అర్థం. ఆ రక్షణ ఇవ్వడానికి తయారీలో పెద్ద ఖర్చేమీ కాదు. కాబట్టి వెయ్యి రూపాయల జతలోనూ అది నిక్షేపంగా ఉండవచ్చు.

భయపడవలసింది నల్లరంగు మాత్రమే ఉండి ఈ రక్షణ లేని అద్దాలకు. వెలుతురు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది, కళ్లు చిట్లించడం మానేస్తాం. అప్పుడు ఆ కిరణాలు లోపలికి వెళ్లడానికి దారి ఇంకా వెడల్పవుతుంది. అలాంటివి పెట్టుకోవడం కంటే టోపీ పెట్టుకుని కళ్లు చిట్లించుకోవడం నయం.

గండిపేట_గాలి
కంటిలెక్క గారూ, మరి స్టిక్కరు నిజమో కాదో తెలిసేది ఎలా? కోఠి ఫుట్‌పాత్ మీద నూట యాభై రూపాయల వాటికీ యూవీ 400 స్టిక్కరే ఉంటుంది.

కంటిలెక్క
స్టిక్కరును నమ్మకండి. చాలా కళ్లజోళ్ల దుకాణాల్లో యూవీ మీటరు ఉంటుంది. లెన్సును అందులో పెడితే క్షణాల్లో తేలిపోతుంది. అడిగితే డబ్బు తీసుకోకుండానే చూస్తారు, మా దగ్గరైతే ఎవరు తెచ్చినా చూస్తాం. ఫుట్‌పాత్ జతల్లో కొన్ని నెగ్గుతాయి, కొన్ని నెగ్గవు. ఏది నెగ్గుతుందో చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. బ్రాండ్‌కు ఇచ్చే డబ్బులో కొంత ఈ నమ్మకానికే వెళ్తుంది. ఆ నమ్మకం దొరకడానికి పన్నెండు వేలు అక్కర్లేదు, ఫాస్ట్‌ట్రాక్ లాంటివాటి దగ్గరా దొరుకుతుంది.

స్టీరింగు
నోట్లు పరీక్షించే చిన్న యూవీ టార్చి ఇంట్లో ఉంటే ఇంకో దారి ఉంది. గది చీకటి చేసి ఐదు వందల నోటు మీద వెలిగిస్తే అంకెలు, సన్నటి దారపు పోగులు మెరుస్తాయి. టార్చికీ నోటుకూ మధ్య లెన్సు పెట్టండి. మెరుపు పోతే లెన్సు పనిచేస్తున్నట్టే.

కంటిలెక్క
స్టీరింగు గారి పద్ధతి అంచనాకు పనికొస్తుంది. కాకపోతే చవక టార్చీలు చాలావరకు 395 నానోమీటర్ల దగ్గర వెలుగుతాయి, ఊదారంగు వెలుతురు కొంత అటూ ఇటూ దూరుతుంది. తుది తీర్పుకు మాత్రం మీటరే.

భీమిలి_తీరం
అందరూ యూవీ దగ్గరే ఆగిపోయారు. నీళ్ల దగ్గర తిరిగేవాళ్లకు పోలరైజ్డ్ కావాలి, అది వేరే సరుకు. నీటి మీద పడి అడ్డంగా తిరిగొచ్చే తళతళను అది ఆపేస్తుంది. గాలంతో చేపలు పట్టేటప్పుడు మామూలు నల్లద్దాల్లోంచి చూస్తే నీళ్ల పైపొర మాత్రమే మెరుస్తూ కనిపిస్తుంది. పోలరైజ్డ్ పెట్టుకోగానే కింద రాళ్లు, నాచు, మధ్యలో కదిలే చేప నీడ కూడా తెలుస్తాయి. మొదటిసారి పెట్టుకున్నవాళ్లు ఆశ్చర్యపోవడం నేను చూస్తూనే ఉంటాను.

ఇక ధర సంగతి. మా బృందంలో ఒకరి దగ్గర ఇరవై వేల జత ఉంది. నాది పదిహేను వందల పోలరైజ్డ్. ఇద్దరం మార్చుకుని చూశాం. ఆయనది కొంచెం స్పష్టంగా ఉంది, బరువు తక్కువ, ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టలేదు. నాది తళతళను ఆపడంలో ఏమాత్రం తీసిపోలేదు. పైగా పడవలో వంగినప్పుడు జారి నీళ్లలో పడితే ఆయన గుండె ఆగుతుంది, నేను ఇంకోటి కొనుక్కుంటాను.

నిర్ణయం_నాదే
ఆ ఆఖరి మాట కోసం మీకు దండం.

పాత_ఏవియేటర్
తాడు కట్టుకోవచ్చు కదా భీమిలి గారూ. మెడ తాడు యాభై రూపాయలు.

స్టీరింగు
దుకాణంలో పోలరైజ్డ్ అని చెప్తే వెంటనే తేల్చుకోవచ్చు. చాలా కంప్యూటర్, ఫోను తెరలకు ఇది పనిచేస్తుంది. తెర ముందు అద్దాలు పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో తెర చీకటైపోతే నిజమైనదే. కారు నడిపేవాళ్లకు దీనితో చిన్న చిక్కు ఉంది. కొన్ని డిస్‌ప్లేలు నల్లగా కనిపిస్తాయి, పక్క కిటికీల అద్దాల్లో మచ్చలు మచ్చలుగా గళ్లు కనిపిస్తాయి. ఎండలో రోడ్డు మీది మెరుపు తగ్గుతుంది కాబట్టి నేను మాత్రం వదలను.

ఇంకో మాట. ఎంత ఖరీదైనవైనా వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి. ఆ వేడికి లెన్సు మీది పూత సన్నగా పగుళ్లు తీస్తుంది. బ్రాండ్ పేరు దాన్ని కాపాడదు.

ఘాట్‌రోడ్డు
నేను ఎదురు పక్షం. సైకిలు మీద వికారాబాద్, అనంతగిరి వైపు వెళ్తుంటాను, ఖరీదైన జతే వాడతాను, ప్రతి రూపాయీ దక్కిందనే చెబుతాను. గండిపేట గారు అడిగింది సైక్లింగ్ గురించి కదా, అందుకే వివరంగా చెబుతున్నాను.

మలుపులో దిగేటప్పుడు చెట్ల నీడ, ఎండ, మళ్లీ నీడ. ఆ మధ్యలో కంకర ఉందో గుంత ఉందో రెప్పపాటులో తెలియాలి. నా లెన్సు గోధుమ గులాబి కలిసిన రంగులో ఉంటుంది, తారుమీద ఎగుడుదిగుళ్లు విడిగా తేలి కనిపిస్తాయి. ముదురు నలుపు అద్దాలతో నీడలోకి వెళ్తే గుంత కనిపించదు. చెమట పట్టినా ముక్కు దగ్గర రబ్బరు జారదు. ఎత్తు ఎక్కుతూ నెమ్మదించినప్పుడు లోపల ఆవిరి పట్టకుండా గాలి దారులు ఉన్నాయి. లెన్సు పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు. వెయ్యి రూపాయల జతతో ఇవన్నీ నాకు ఒకేచోట దొరకలేదు.

నిర్ణయం_నాదే
ఘాట్‌రోడ్డు గారూ, మీరు చెప్పినవన్నీ రంగు, రబ్బరు, గాలి దారులు. వీటిలో పన్నెండు వేల ముక్క ఏది? మూడు లెన్సులు మార్చుకునే సైక్లింగ్ జతలు రెండు మూడు వేలకే దొరుకుతున్నాయి.

ఘాట్‌రోడ్డు
దొరుకుతున్నాయి, కాదనను. వాడిన మిత్రులు ఉన్నారు. లెన్సు మార్చే గాడి నెలలకే వదులైపోయి, గుంతలో పడ్డప్పుడల్లా కిటకిట శబ్దం వస్తోందని వాళ్లే అన్నారు. గంటల తరబడి ముఖం మీద ఉండే వస్తువు చిరాకు పెడితే తీసి జేబులో పెట్టుకుంటాం. జేబులో ఉన్న అద్దాలు కళ్లను కాపాడవు. నా దృష్టిలో డబ్బు పెట్టవలసింది దీనికే.

కంటిలెక్క
ఘాట్‌రోడ్డు గారి ఆఖరి వాక్యంతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. లెన్సు స్పష్టతకు ఒక పరీక్ష చెప్తాను, దుకాణంలోనే చేయండి. అద్దాలను చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి, లెన్సులోంచి తలుపు అంచునో నేల పలకల గీతనో చూస్తూ అద్దాన్ని నెమ్మదిగా పక్కకు జరపండి. పవరు లేని లెన్సులో గీత సాఫీగా ఉండాలి. వంకరపోతే, అల కదిలినట్టు ఊగితే వదిలేయండి. గంటసేపు పెట్టుకుంటే తలనొప్పి తెచ్చేవి ఇలాంటివే. చవక వాటిలో ఈ లోపం ఎక్కువ చూస్తాను, అలాగని అన్నింటిలో ఉండదు.

మంచుబాట
కేదార్‌కంఠ గురించి ఎవరూ జవాబివ్వలేదు. నేను హిమాలయ ట్రెక్కులకు వెళ్తుంటాను. అక్కడ ఈ విషయంలో నిర్లక్ష్యం చేయవద్దు, దయచేసి.

ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగులు. తాజా మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. పైనుంచి ఎండ సరే, కింది నుంచి కూడా కంట్లోకి వస్తుంది. టోపీ అంచు దానికి అడ్డుపడదు. మబ్బు పట్టింది కదా అని తీసేసేవాళ్లు ఉంటారు. ఆ రాత్రి కంట్లో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం. మంచు అంధత్వం అనేది దీన్నే. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, కానీ కొండ మీద ఆ రెండు రోజులు ఎవరో చేయి పట్టుకుని నడిపించాలి.

కొనేటప్పుడు కాడ లోపలి వైపు కేటగిరీ అంకె చూడండి. 0 నుంచి 4 దాకా ఉంటుంది. 3 అంటే కనిపించే కాంతిలో 8 నుంచి 18 శాతమే లోపలికి వస్తుంది, మన ఎండలకూ సముద్రతీరానికీ అది సరిపోతుంది. 4 అంటే 3 నుంచి 8 శాతం. అది హిమానీనదాలకు, ఎత్తైన మంచు మైదానాలకు. 4 పెట్టుకుని బండి నడపకూడదు, అంత చీకటి. కేదార్‌కంఠకు పక్కల నుంచి వెలుతురు దూరని వంపు ఉన్న కేటగిరీ 3 చాలు. ఆటసామగ్రి దుకాణాల్లో రెండు వేల లోపే దొరుకుతాయి. సంచిలో ఇంకో చవక జత తప్పకుండా ఉంచుకోండి, మంచులో పడితే దొరకవు.

గండిపేట_గాలి
మంచుబాట గారూ, చాలా ఉపయోగపడింది. ఆ అంకె సంగతి మాల్ దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

పాత_ఏవియేటర్
నా దానిలో అంకె లేదు. పాత కాలందేమో.

మైనస్_ఆరు
మీరందరూ పవరు లేని అదృష్టవంతులు. నాది మైనస్ ఆరు. ముఖాన్ని చుట్టుకునే వంపు ఫ్రేములో ఇంత పవరు పెడితే అంచుల్లో లోకమంతా సాగిపోయి కనిపిస్తుందని దుకాణంలోనే చెప్పారు. ఎండలో నల్లబడే ఫొటోక్రోమిక్ చేయించాను. కారులో కూర్చుంటే అవి నల్లబడవు, ఎందుకంటే ముందు అద్దమే యూవీని ఆపేస్తుంది. మే నెల వేడిలో కూడా శీతాకాలం అంత ముదురుగా మారవు. నాలాంటివాళ్లకు దారి ఏమిటి?

కంటిలెక్క
మూడు దారులు ఉన్నాయి. వంపు తక్కువ ఉన్న, కాస్త పెద్ద ఫ్రేములో మీ పవరుతోనే రంగు లెన్సు చేయించుకోవడం. ఖర్చు ఎక్కువ కావలసింది ఇక్కడే, ఫ్రేము మీది పేరుకు కాదు, లెన్సుకు. రెండోది, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని పైన మామూలు చలువ కళ్లద్దాలు. మూడోది, ఉన్న కళ్లజోడు మీదే తగిలించుకునే పెద్ద అద్దాలు. చూడ్డానికి గొప్పగా ఉండవు కానీ పక్కల నుంచి కూడా కప్పుతాయి.

అమ్మ_స్కోరర్
మా వాడికి పదకొండేళ్లు, రోజూ క్రికెట్ కోచింగ్. పిల్లలకు అవసరమా? కోచ్ "ఇప్పుడే అలవాటు చేయకండి" అన్నారు.

కంటిలెక్క
అవసరమే. పిల్లల కంటి లెన్సు మనకంటే తేటగా ఉంటుంది, యూవీ లోపలికి ఎక్కువ వెళ్తుంది. పాలీకార్బొనేట్ మాత్రమే కొనండి, బంతి తగిలితే గాజులా పగలదు. పాత ఏవియేటర్ గారి గాజు లెన్సు గీతలకు తట్టుకుంటుంది, ఆ మాట నిజం. ఆటలకు మాత్రం అది పనికిరాదు.

పాత_ఏవియేటర్
ఒప్పుకుంటున్నాను. నేను ఆడేది చదరంగం.

మెట్టపొలం
చాలాసేపటి నుంచి చదువుతున్నాను, నా మాటా చెప్తాను. ఇక్కడ అందరూ ఆదివారం ఎండ గురించి మాట్లాడుతున్నారు. మా నాన్న రోజూ ఎండలోనే ఉంటారు. పత్తి చేను, మిరప తోట, పొద్దున నుంచి పొద్దుగూకే దాకా. ఆయన కంట్లో ముక్కు వైపు నుంచి కండ పెరిగింది. ఎండ, దుమ్ము, గాలి వల్ల ఇలా వస్తుందని డాక్టరు చెప్పారు. ఊళ్లో చాలామందికి ఉంది. నల్లద్దాలు పెట్టుకోమంటే, "శుక్లాల ఆపరేషను అయినవాళ్లు పెట్టుకుంటారు, లేదా సినిమావాళ్లు" అంటారు. పన్నెండు వేలు కాదు, రెండు వేలు అన్నా పొలంలో పెట్టుకోనివ్వరు. పురుగుమందు కొట్టేటప్పుడు కూడా కళ్లకు ఏమీ ఉండదు. అసలు అందరికంటే ముందు ఇవి అందవలసింది ఇలాంటివాళ్లకు కదా.

మంచుబాట
మెట్టపొలం గారూ, ఈ చర్చ ఇక్కడి నుంచే మొదలుకావలసింది.

కొలిమి_షిఫ్టు
మెట్టపొలం గారికి నా దగ్గర జవాబు ఉంది. నేను ఫ్యాక్టరీలో భద్రతా విభాగంలో పనిచేస్తాను. మేం కార్మికులకు ఇచ్చే సేఫ్టీ కళ్లద్దాలు పాలీకార్బొనేట్‌తో చేసినవి, పక్కలు మూసి ఉంటాయి, బరువు దాదాపు ఉండదు, ఎగిరొచ్చే ముక్క తగిలినా తట్టుకుంటాయి. బయట పనికి బూడిదరంగు లెన్సుతో వస్తాయి. మంచి కంపెనీవే మూడు వందల లోపు. హార్డ్‌వేర్ దుకాణాల్లో, సేఫ్టీ సామాన్లు అమ్మేచోట అడగండి. ప్యాకెట్ మీద యూవీ రక్షణ, దెబ్బను తట్టుకునే ప్రమాణం రాసి ఉంటాయి. మా ఆరుబయట సిబ్బంది రోజంతా వీటితోనే పనిచేస్తారు. అందం తప్ప వీటికి తక్కువేమీ లేదు.

మందు కొట్టేటప్పుడు మాత్రం ఇవి చాలవు. చుట్టూ ముఖానికి అంటుకునే గాగుల్స్ కావాలి, అవీ అంతే ధరలో ఉంటాయి.

నిర్ణయం_నాదే
మూడు వందలా! నేను మొదటి పోస్టులో "పేరుకే" అన్నందుకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఘాట్‌రోడ్డు
సాక్ష్యం కళ్ల రక్షణకు. సౌకర్యానికి కాదు. వాటితో అనంతగిరి ఎక్కి చూసి చెప్పండి.

కంటిలెక్క
పక్కలు మూసి ఉండటం చిన్న విషయం కాదు. చెవి వైపు నుంచి వచ్చే వెలుతురును కంటి నల్లగుడ్డు ముందుభాగం వంచి ముక్కు వైపు అంచు మీదికి కేంద్రీకరిస్తుంది. కండ ముక్కు వైపే ఎక్కువగా పెరగడానికి అదొక కారణమని చెబుతారు. ముందు నుంచి ఎంత గొప్ప లెన్సు ఉన్నా పక్కలు తెరిచి ఉంటే ఈ దారి మూసుకోదు. ఈ లెక్కన పొలానికి మూడు వందల సేఫ్టీ జత, సన్నటి కాడల ఫ్యాషన్ బ్రాండ్ కంటే మేలు.

మెట్టపొలం గారూ, నాన్నగారి కండ నల్లగుడ్డు మీదికి పాకుతోందేమో ఒకసారి చూపించండి. పాకితే చూపు మీద ప్రభావం పడుతుంది. అద్దాలు ఉన్న కండను కరిగించవు, ఎండ, దుమ్ము తగలడాన్ని తగ్గిస్తాయి. వెడల్పు అంచు టోపీ కూడా కలిపితే ఇంకా మంచిది.

మెట్టపొలం
కొలిమి గారూ, కంటిలెక్క గారూ, ఇద్దరికీ కృతజ్ఞతలు. తలపాగా ఎలాగూ ఉంది, టోపీకి ఒప్పుకోరు. ఒకటి కాదు, నాలుగు జతలు తెప్పిస్తున్నాను. పక్క చేను మామయ్య పెట్టుకుంటే నాన్నా పెట్టుకుంటారు.

భీమిలి_తీరం
మంచి ఉపాయం. మా తీరంలో వలలు లాగేవాళ్లకూ ఇవే చెప్పాలి. పోలరైజ్డ్ కాకపోయినా ముందు ఉప్పునీటి తుంపరలు ఆపితే చాలు.

గండిపేట_గాలి
ఈరోజు మీటరున్న దుకాణానికి వెళ్లి వచ్చాను. వెయ్యి రూపాయల జత నెగ్గింది, పన్నెండు వేలదీ నెగ్గింది. మీటరు దగ్గర రెండింటికీ తేడా లేదు. తలుపు అంచు పరీక్షలో వెయ్యి రూపాయలదానికి ఎడమ లెన్సు చివర గీత కొంచెం వంగింది. తల వంచితే ముక్కు మీద నుంచి జారుతోంది కూడా. చివరికి రెండు వేల రెండు వందలకు కేటగిరీ 3 అని రాసి ఉన్న, రబ్బరు పట్టు ఉన్న సైక్లింగ్ జత తీసుకున్నాను. మంచుకోసం సంచిలో రెండో జతగా కొలిమి గారు చెప్పిన సేఫ్టీ అద్దాలు సరిపోతాయా?

మంచుబాట
లెన్సులోంచి లోపలికి వచ్చే కాంతి ఎంత శాతమో ప్యాకెట్ మీద చూడండి. 18 లోపు ఉంటే సరే. అంతకంటే తేటగా ఉంటే మంచుకు వద్దు.

కొలిమి_షిఫ్టు
బూడిదరంగులోనూ రెండు మూడు ముదురులు ఉంటాయి. అన్నింటికంటే ముదురుది అడిగి తీసుకోండి.